తొమ్మిది మెట్లు, ఒక తాళంచెవి: బాపుకు నగరం చూపించిన నా అనుభవం

మా బాపును (నాన్నను) చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని, ఆయన యౌవనం గడిచిన హైదరాబాదును మళ్లీ ఒకసారి చూపించాలని దసరా తరువాత పెట్టుకున్న పని నిన్న శనివారంతో పూర్తయింది. నాలుగు చోట్లకు నాలుగు ఆదివారాలు సరిపోయాయి. అయిదో చోటికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో పడిన అవమానం మనసులో పచ్చిగా ఉండగానే రాయకపోతే, రేపు "పోనీలే" అనుకుని మరచిపోతానేమోనన్న భయంతో ఈ రాత్రే కూర్చుని రాస్తున్నాను.

బాపుకు 82 ఏళ్లు. సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి 1964లో ఎల్డీసీ (గుమాస్తా) ఉద్యోగానికి నగరానికి వచ్చారు. ఆయన వచ్చిన నాటికి కూకట్‌పల్లి నగరానికి దూరంగా ఉన్న ఊరు. ఇప్పుడు మేముంటున్నది అక్కడే, ఒక అపార్ట్‌మెంటు తొమ్మిదో అంతస్తులో. నిరుడు ఉగాది ముందు స్నానాల గదిలో జారిపడి ఆయన తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తరువాత వాకరు పట్టుకుని పది అడుగులు వేయగలరు, మెట్లు మాత్రం ఎక్కలేరు. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి దండం పెట్టుకున్నప్పుడు, "బిడ్డా, కోఠి, సుల్తాన్ బజార్, పత్తర్‌గట్టీ ఇంకా ఉన్నయా, అన్నీ కూలగొట్టిండ్రా?" అని అడిగారు. అదే నగరంలో ఉంటూ ఆయన ఆ మాట అడగవలసి వచ్చినందుకు నాకు సిగ్గనిపించింది.

డాక్టరుగారు ఒప్పుకున్నారు. మడిచే కుర్చీ అద్దెకు దొరికింది. బ్యాంకులో నాకు సెలవులు మిగిలి ఉన్నాయి.

మొదటి ఆదివారం సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి వెళ్లాం. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే మధ్యలో రైలు మారకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగవచ్చు. లిఫ్టు ప్లాట్‌ఫారం దాకా ఉంది, సిబ్బంది అడగకముందే వచ్చి సాయం చేశారు. కష్టం స్టేషను బయట మొదలవుతుంది. ఫుట్‌పాత్ మీద దుకాణాలే తప్ప దారి లేదు గనుక కుర్చీని రోడ్డు మీదే తోయాలి. ఉదయం పది లోపల వెళితేనే అది సాధ్యం. నిజాం రాజ్యంలో దఫ్తరుల్లోనూ బడుల్లోనూ తెలుగుకు చోటు లేని రోజుల్లో, 1901 సెప్టెంబరు 1న, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివారు కలిసి పెట్టిన గ్రంథాలయం అది. బాపు ఉద్యోగంలో చేరిన కొత్తలో సాయంత్రాలన్నీ అక్కడే గడిపారు. గడప దగ్గర ఇద్దరు కుర్రవాళ్లు చదువుతున్న పుస్తకాలు పక్కన పెట్టి, కుర్చీని బాపుతో సహా ఎత్తి లోపల దించారు. వాళ్లు నా పేరు కూడా అడగలేదు.

రెండో ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు, మిగిలిన రోజుల్లో వెళ్లవచ్చు. ఈ మ్యూజియం 1951లో మొదలైనప్పుడు సాలార్‌జంగుల నివాసమైన దివాన్ దేవ్‌డీలోనే ఉండేది, మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి 1968లో వచ్చింది. బాపు మొదట చూసినది దివాన్ దేవ్‌డీలోనే. ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ ముందు చాలాసేపు ఆగి, "అప్పుడు గీమెను ఇంకా దగ్గర్నుంచి చూసిన" అన్నారు. సంగీత గడియారం దగ్గర గంట కొట్టే సమయానికి జనం గుమిగూడతారు. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు వినవచ్చునని అందరూ అప్పుడే వస్తారు కాబట్టి, కుర్చీతో వెళ్లేవారు పదకొండు గంటలకే వెళ్లడం మేలు. ముందు వరుసలో చోటు దొరికింది. గడియారంలో క్షణానికొక దెబ్బ వేసే కమ్మరి బొమ్మను చూసి బాపు చేతివేళ్లతో కుర్చీ మీద తాళం వేశారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోను పత్తర్‌గట్టీ మీదుగా పొమ్మన్నాను. దివాన్ దేవ్‌డీ కమానులు మిగిలాయి. లోపల ఇప్పుడు బట్టల దుకాణాలు.

మూడో ఆదివారం మొజంజాహీ మార్కెట్టు. 1935లో కట్టిన ఈ రాతి బజారు బాపుకు తెలిసిన రోజుల్లో పండ్లకు ప్రసిద్ధి. ఆ టోకు వ్యాపారం తరువాత కొత్తపేటకు తరలిపోయింది. ఐస్‌క్రీము దుకాణాలు, అత్తరు దుకాణాలు మిగిలాయి. కొన్నేళ్ల కింద మరమ్మతు చేసి అడ్డదిడ్డంగా వేసిన రేకులు తీసేశాక రాళ్ల రంగు, గడియార స్తంభం మళ్లీ కనిపిస్తున్నాయి. మధ్య ఆవరణ చదునుగా ఉంది, కుర్చీ సాఫీగా తిరిగింది. నాలుగో ఆదివారం ఆబిడ్స్‌లో రోడ్డు పక్కన పరిచే పాత పుస్తకాలు. అక్కడ బాపు అట్ట ఊడిన నిఘంటువు ఒకటి బేరమాడి కొన్నారు. ఏడాదిన్నరగా ఆయన గొంతులో ఆ హుషారు నేను వినలేదు.

ఇక అయిదో చోటు. దాని పేరు రాయను, ఎక్కడుందో కూడా చెప్పను. నిజాం కాలపు భవనం. బాపు ఉద్యోగంలో చేరిన నాడు అది దఫ్తరు. 1964 నుంచి పదకొండేళ్లు ఆయన పనిచేసింది ఆ భవనం కింది అంతస్తులో, తూర్పు వైపు మూడో కిటికీ పక్కన. ఆ దఫ్తరు ఎప్పుడో వేరే చోటికి వెళ్లిపోయింది. భవనాన్ని ఈమధ్య చక్కగా బాగుచేసి, పాత పటాలూ చిత్రాలూ పెట్టి జనానికి తెరిచారు. ముందు వైపు తొమ్మిది రాతి మెట్లున్నాయి. పక్క గోడకు ఒక తలుపు, దాని ముందు మంచి ర్యాంపు, ర్యాంపుకు స్టీలు కడ్డీలు, గోడ మీద చక్రాల కుర్చీ బొమ్మ, అన్నీ ఉన్నాయి. తలుపుకు తాళం ఉంది.

మొదటిసారి ఆదివారం వెళ్లినప్పుడు కాపలా మనిషి ఆ తలుపు తీయరని, చక్రాలు తగిలితే నేల మీద గీతలు పడతాయని చెప్పాడు. తాళంచెవి ఆఫీసులో ఉంటుందన్నాడు. సరే, ఆదివారం కదా అనుకుని తిరిగి వచ్చాం. మంగళవారం నేనొక్కదాన్నే సెలవు పెట్టి వెళ్లాను. ఒక గదిలో అడిగితే ఇంకో గదికి పంపారు, ఆ గదిలో అడిగితే దరఖాస్తు రాసుకురమ్మన్నారు. అక్కడే కూర్చుని రాసిస్తే, దానికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ జతచేయాలన్నారు. ముసలితనంలో ఎముక విరిగినవారికి సదరం సర్టిఫికెట్ ఎందుకుంటుంది, ఉన్న తలుపు తీయడానికి సర్టిఫికెట్ ఎందుకు అని అడిగాను. "రూల్స్ మేం పెట్టలేదమ్మా" అన్నారు. ఆ రూలు ఏ కాగితంలో ఉందో చూపమంటే ఎవరూ చూపలేదు. మరుసటి వారం డాక్టరుగారి చీటీ, ఆధార్ నకలు, దరఖాస్తు పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి తీసుకుని, కాగితం అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేశారు, ఫోన్ చేస్తామన్నారు. చేయలేదు.

ఆ తరువాత నేను చేసినది తప్పు. మనిషిని ఎదుట చూస్తే మనసు కరుగుతుందనుకుని, ఒక బుధవారం బాపును వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన ఆ రోజు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నారు, జేబులో పెన్ను పెట్టుకున్నారు. దఫ్తరుకు పోతున్నట్టే తయారయ్యారు. పదిన్నరకు చేరుకున్నాం. సార్ మీటింగులో ఉన్నారన్నారు. మోటారు సైకిళ్లు నిలిపే రేకు కింద కుర్చీ ఆపి కూర్చోబెట్టాను. నీడ జరిగినప్పుడల్లా కుర్చీని జరిపాను. రెండు గంటల నలభై నిమిషాలు గడిచాయి. మధ్యలో బాపు నా చెవిలో మూత్రానికి వెళ్లాలని చెప్పారు. అడిగితే మరుగుదొడ్డి లోపలుంది, మెట్లెక్కి వెళ్లాలన్నారు. ఆ భవనంలో పదకొండేళ్లు పనిచేసిన మనిషిని నేను రోడ్డు దాటించి, మూలనున్న ఇరానీ హోటలుకు తీసుకువెళ్లవలసి వచ్చింది. ఆ హోటలు యజమాని ఒక్క మాట అడగకుండా పనివాణ్ణి పిలిచి బాపును లోపలికి పంపించాడు, తరువాత చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు. ఇలాంటి మూలమీది హోటళ్లు ఒక్కొక్కటిగా మూతపడుతుంటే మనం చాయ్ రుచి పోతోందని బాధపడుతున్నాం. అలసిన మనిషి వెళ్లి కూర్చునే చోటు పోతోందని నాకు ఆ రోజే తెలిసింది.

తిరిగి వచ్చేసరికి ఆ అధికారి బయటికి వచ్చి కారెక్కబోతున్నారు. పరుగున వెళ్లి చెప్పాను. ఆయన బాపు వైపు ఒకసారి చూసి, అక్కడున్న ఆరేడుగురి ముందు, "నడవలేని మనిషికి ఇప్పుడివన్నీ ఎందుకమ్మా? ఫోన్లో ఫోటోలు తీసి చూపించండి, ఇంట్లో పడుకుని చూస్తాడు" అన్నారు. బాపు చెవులు బాగానే పనిచేస్తాయి. ఆయన ఏమీ అనలేదు. జేబులోని పెన్ను తీసి నా చేతికిచ్చి, "ఇంటికి పోదాం బిడ్డా" అన్నారు. దారి పొడుగునా మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు.

నాకు ఇక్కడ ఒక మాట చెప్పాలని ఉంది. మా ఇంటి దగ్గరి మాల్‌లో కుర్చీని గేటు నుంచి నాలుగో అంతస్తు దాకా చిటికెన వేలితో తోసుకుపోవచ్చు, ఎందుకంటే అక్కడ మా దగ్గరి డబ్బు వాళ్లకు కావాలి. ఈ నగరం పాత భవనాలకు సున్నం వేస్తోంది, దీపాలు పెడుతోంది, ఎంతో సంతోషం. కానీ ఆ భవనాలు వాడుకలో ఉండగా చూసినవాళ్లంతా ఎనభై దాటినవాళ్లు. వాళ్లను మెట్ల కింద ఆపి, వాళ్ల కథను గోడమీద బోర్డు రాసి మనవలకు చూపిస్తామంటే అది వారసత్వాన్ని కాపాడడం అవుతుందా? దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులోని 45వ సెక్షను ప్రకారం, అప్పటికే ఉన్న, జనం వచ్చిపోయే భవనాలన్నిటినీ నిబంధనలు వెలువడిన నాటి నుంచి అయిదేళ్లలోగా అందరూ రాగలిగేలా మార్చాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022లోనే తీరిపోయింది.

ఆ చట్టం సంగతి నాకు ముందు తెలియదు, ఆ రాత్రి నిద్ర పట్టక చదివాను. మరునాడు సమాచార హక్కు దరఖాస్తు రాశాను. రుసుము పది రూపాయలు. బతిమాలడానికి చేసిన నాలుగు ప్రయాణాలకన్నా ఆ పది రూపాయలు ఎక్కువ పని చేశాయి. ఇలాంటి దరఖాస్తులో ఫిర్యాదు చేయకూడదు, కాగితం మీద ఉండే సమాచారాన్ని మాత్రమే అడగాలి. నేను నాలుగు సంగతులు అడిగాను: ర్యాంపు నిర్మాణానికి ఎంత ఖర్చయింది, పక్క తలుపు తాళంచెవి ఏ హోదాలోని ఉద్యోగి అధీనంలో ఉంది, గత ఆరు నెలల్లో ఆ తలుపును ఏయే తేదీల్లో తెరిచారు, చక్రాల కుర్చీకి సదరం సర్టిఫికెట్ కావాలన్న ఉత్తర్వు నకలు. జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. పదకొండో రోజున ఫోన్ వచ్చింది. "అమ్మా, శనివారం పదిన్నరకు పెద్దాయన్ని తీసుకురండి, తలుపు తీసి ఉంచుతాం" అన్నారు. గొంతు మెత్తగా ఉంది.

కాబట్టి ఇలాంటి పని పెట్టుకున్నవారికి నేను చెప్పేది ఇది: కాపలా మనుషులతో తగవు పడవద్దు, వాళ్ల చేతిలో ఏమీ లేదు. ఇన్‌వర్డ్ నంబరు లేకుండా ఏ కాగితమూ ఇవ్వవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, అనుమతి చేతికి రాకముందు పెద్దవాళ్లను వెంట తీసుకువెళ్లవద్దు. మెట్రో లిఫ్టుల గురించి, ఎక్కడ ఏ గేటు చదునుగా ఉందన్న దాని గురించి ఇప్పుడు మా కాలనీలో నాకన్నా బాగా తెలిసినవారు లేరు. అడిగితే ఎవరికైనా చెబుతాను.

నిన్న ఆ తలుపు తీయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నేల మీద గీతలేమీ పడలేదు. బాపు కుర్చీని ఎటు తోయాలో నాకు వేలితో చూపించారు. మూడో కిటికీ దగ్గర ఇప్పుడు గాజు పెట్టెలో ఒక పాత పటం ఉంది. ఆయన పటాన్ని చూడలేదు. కిటికీ అరుగు మీద అరచేయి ఆనించి, టిఫిన్ డబ్బా అక్కడే పెట్టేవాడినని, ఎండాకాలం ఆ రాయి చల్లగా ఉండేదని, బయట వేపచెట్టు ఉండేదని చెప్పారు. చెట్టు లేదు, దాని చోట హోర్డింగు స్తంభం ఉంది. రాయి చల్లగానే ఉందన్నారు. తలుపు తీసిన అటెండరుది నకిరేకల్ దగ్గరి ఊరని తెలుసుకుని, అతనితో పావుగంట మాట్లాడారు.

మేం బయటికి రాగానే వెనుక తాళం పడిన చప్పుడు వినిపించింది. బాపు కుర్చీ ఆపమని, వెనక్కి తిరిగి ఆ తలుపును చూశారు. రాత్రి అన్నం తిన్నాక, ఆ తలుపును భవనం తెరిచి ఉన్నంతసేపూ తాళం లేకుండా ఉంచాలని నేను రాసిన కొత్త దరఖాస్తును చేతికిచ్చాను. సోమవారం ఇవ్వాలి. ఆయన కళ్లజోడు పెట్టుకుని, దఫ్తరులో చిత్తు ప్రతి దిద్దినట్టు మొదటి నుంచి చివరిదాకా చదివారు. తేదీ రాసే చోటు మార్చారు. రెండో పేరాలో "దయతో" అన్న మాటను పెన్నుతో కొట్టేసి తిరిగి నా చేతికిచ్చారు.