మార్తకు వచ్చిన తొందర

లూకా సువార్త పదవ అధ్యాయం చివరి అయిదు వచనాలు మన సంఘాలలో ఎందుకో స్త్రీల కూడికలకు కేటాయించిన వాక్యభాగంగా స్థిరపడిపోయాయి. మార్త వంట పనిలో ఉంది, మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుంది, కనుక అక్కచెల్లెళ్లు ఇంటి పనులు త్వరగా ముగించుకొని ప్రార్థనకు రావాలి అన్నంతవరకే సాధారణంగా ఆ ప్రసంగం సాగుతుంది. ఆ మాటలు ముందుగా తగలవలసినది సంఘ పెద్దలకు, కమిటీ సభ్యులకు, సండే స్కూలు టీచర్లకు, గాయక బృందానికి, వేదిక మీద నిలబడి బోధించే సేవకులకు అని, చాలా ఏళ్లుగా సంఘ కార్యదర్శిగా మినిట్స్ పుస్తకం రాస్తున్న నాకు బలంగా అనిపిస్తుంది. బేతనియలోని ఆ ఇంట్లో ప్రభువు కోసం పెట్టుకొన్న పనే ప్రభువును పక్కకు నెట్టింది. ఆ ప్రమాదం గుడిలో పని ఎక్కువగా ఉన్నవారికే ఎక్కువ.

మార్త చెడ్డపనేమీ చేయలేదు. యేసును తన ఇంట చేర్చుకొన్నది ఆమెయే. ఆకలితో వచ్చిన అతిథికి వండిపెట్టడం తప్పని ఆయన ఎక్కడా అనలేదు. ఆమె నోట వచ్చిన మాట మాత్రం వేరే సంగతి చెబుతుంది: "ప్రభువా, నేను ఒంటరిగా పనిచేయుటకు నా సహోదరి నన్ను విడిచిపెట్టినందున, నీకు చింతలేదా?" ఆ మాటను నిదానంగా చదివితే, ఉపచారం చేయడానికి పూనుకొన్న మనిషి ముందు తన పనిని తోబుట్టువు పనితో పోల్చుకొని, తరువాత ఆమె మీద నేరం మోపి, చివరికి ప్రభువుకే పట్టింపు లేదని నిలదీసి, చెల్లెలితో ఏం చెప్పాలో కూడా ఆయనకే పురమాయించినట్లు కనిపిస్తుంది. క్రిస్మస్ ముగిసిన తరువాత జనవరిలో జరిగే కమిటీ సమావేశంలో ఒక్కసారైనా కూర్చున్నవారికి ఈ వరస కొత్తేమీ కాదు. నక్షత్రం ఎవరు కట్టారు, చేతులు కట్టుకొని నిలబడినవారెవరు, వేదిక మీద ఎవరి పేరు చదవలేదు, ఎవరికి శాలువా కప్పడం మరచిపోయారు అన్న లెక్కలతో మినిట్స్ పుస్తకంలో పేజీలు నిండుతాయి. జరుపుకొన్న పుట్టినరోజు ఎవరిదో ఆ పేజీలలో ఎక్కడా కనిపించదు.

అసలు మన ప్రాంతంలో డిసెంబరు ఎలా గడుస్తుందో చూడండి. మొదటి వారం నుంచే, పండుగకు ముందుగా జరుపుకొనే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి: యవనస్తులది ఒకటి, స్త్రీల సమాజానిది ఒకటి, సండే స్కూలుది ఒకటి, కాలనీవారిది ఒకటి, ఆఫీసువారిది మరొకటి. ప్రతిదానికీ ఫ్లెక్సీ, కేకు, కొవ్వొత్తులు, ముఖ్య అతిథి, విందు. రాత్రి తొమ్మిదింటికి క్యారల్స్ ట్రాక్టరు బయలుదేరితే తిరిగి గుడి దగ్గరికి చేరేసరికి రెండు దాటుతుంది. ట్రాలీలో జనరేటరు పక్కన డ్రమ్ముకు తల ఆనించి నిద్రపోతున్న పిల్లవాడిని లేపి, చెప్పులు వెతికి తొడిగి, ఇంటికి చేర్చేసరికి మూడవుతుంది. ఇరవై అయిదో తేదీ ఆరాధనలో కునికిపాట్లు పడేది నెలంతా కష్టపడినవాళ్లే. వారి కష్టాన్ని చులకన చేసే హక్కు నాకు లేదు, ఆ కష్టం లేకపోతే మా ఊళ్లో సగం వీధులకు క్రిస్మస్ వచ్చిన సంగతే తెలియదు. అయితే ఇన్ని రాత్రులు మేలుకొన్న నెలలో కుటుంబ ప్రార్థనకు తీరిక చిక్కలేదని అదే మనుషులు మామూలుగా చెప్పడం, మిగిలినవారు తల ఊపి ఒప్పుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

ఇది మన కాలానికి పుట్టిన జబ్బు అనుకోవడానికి కూడా లేదు. పౌలు మూడు సంవత్సరాలు ఉండి రాత్రింబగళ్లు కన్నీళ్లతో బుద్ధి చెప్పిన సంఘం ఎఫెసు. ప్రకటన గ్రంథంలో ప్రభువు ఆ సంఘానికి పంపిన ఉత్తరం, ఆ సంఘం క్రియలను, కష్టాన్ని, సహనాన్ని మెచ్చుకొంటూనే మొదలవుతుంది. అబద్ధ అపొస్తలులను పరీక్షించి పట్టుకొన్నంత జాగ్రత్త గల సంఘం అది. "మొదట నీకుండిన ప్రేమను నీవు వదిలితివి" అన్న మాట ఆ మెప్పు వెనకనే వస్తుంది. ఆ మందలింపుకు చూపిన మార్గం కూడా గమనించదగినది: పని మానుకొమ్మని ఆయన అనలేదు, మారుమనస్సు పొంది మొదటి క్రియలను చేయమన్నాడు. ప్రేమతో మొదలైన పని ప్రేమ ఆరిపోయిన తరువాత కూడా అలవాటు బలంతో చాలాకాలం నడుస్తుంది, బయటివారికి తేడా తెలియదు. అందుకే ఎఫెసువారి సంగతి ఎఫెసువారికి ఎవరో చెప్పవలసి వచ్చింది.

ఈ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మార్కు సువార్త మొదటి అధ్యాయం. కపెర్నహూములో ఒక విశ్రాంతిదినం సాయంకాలం పట్టణమంతా ఇంటి వాకిట కూడింది, రోగులెందరో స్వస్థపడ్డారు. మన లెక్కలో అది గొప్ప స్వస్థత మహాసభ. మరునాడు దానికి రెండో రోజు ప్రకటించి తీరాలి. యేసు మాత్రం ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి, అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేసుకొంటున్నాడు. సీమోను, అతని వెంట ఉన్నవారు వెతుక్కొంటూ వచ్చి, అందరూ నిన్ను వెదకుచున్నారు అన్నారు. ఆ మాటకు లొంగని సేవకుడు ఉంటాడా? ఇతర సమీప గ్రామాలకు వెళ్దాం, అక్కడ కూడా ప్రకటించాలి, అందుకే వచ్చాను అని ఆయన జవాబిచ్చాడు. తండ్రితో గడిపిన ఆ చీకటి వేళ ఆయనకు కాదనగలిగే స్వేచ్ఛను కూడా ఇచ్చిందని నేను ఈ భాగాన్ని చదువుకొంటాను. వాకిట నిలిచిన జనం, మోగుతున్న ఫోను, వచ్చిన ఆహ్వానాలు మన పనిని నిర్ణయిస్తున్నాయంటే, నిర్ణయించవలసిన చోట మనం కూర్చోలేదనే అర్థం. పన్నెండుమందిని ఏర్పరచుకొన్నప్పుడు కూడా, వారు తనతో కూడ ఉండాలన్నది ముందు, ప్రకటించడానికి పంపడం తరువాత అని మార్కే మూడో అధ్యాయంలో రాస్తాడు. మన సేవకుల డైరీలలో ఈ వరస ఎక్కడో తారుమారైంది.

ప్రార్థన ప్రార్థన అంటూ కూర్చుంటే పనులెవరు చేస్తారని అడిగేవారు ఒంగోలు చరిత్రను ఒకసారి తిరగేయాలి. అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను 1836లో మొదలైంది, నెల్లూరులో 1840లో నిలదొక్కుకొంది. విశ్వాసులు మాత్రం చాలా కొద్దిమందే. ఫలితం లేని ఈ పనిని మూసివేయడమా, కొనసాగించడమా అని 1853లో అమెరికాలోని మిషను పెద్దలు తర్జనభర్జన పడ్డారు. ఇక్కడ మిషనరీ లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, మరికొందరు తెలుగు విశ్వాసులు 1854 జనవరి ఒకటో తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండ ఎక్కి, ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించి ప్రార్థించారు. మిషను లెక్కల పుస్తకంలో ఆ ఉదయానికి రాసుకోవడానికి ఏమీ లేదు. మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరింది 1866లో. అంటే ఆ ప్రార్థనకు జవాబు నడిచి రావడానికి పన్నెండేళ్లు పట్టింది.

క్లౌ పనిమంతుడు, కార్యదక్షుడు. 1876 నుంచి 1878 వరకు సాగిన మహా కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకొని, వేలాదిమంది పేదలకు, ముఖ్యంగా మాదిగ పల్లెలవారికి, కూలి దొరికేలా చేశాడు. ఆ కాలంలోనే జనం గుంపులుగా బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఏ మిషనరీకైనా అంతకంటే మంచి తరుణం ఉండదు, విదేశాలకు పంపే రిపోర్టుకు అంతకంటే మంచి సంఖ్యలూ ఉండవు. అయినా సహాయం చేతులు మారుతున్నంతకాలం, అన్నం కోసం వచ్చేవారెవరో, ప్రభువు కోసం వచ్చేవారెవరో తేలదని, కరువు పని నడిచినన్నాళ్లు ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిసింది, ఇవ్వడానికి ఇక డబ్బు లేదని తెలిసిన తరువాత కూడా జనం రావడం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం పొందారు. మా ప్రసంగాలలో ఈ సంఖ్యనే పదేపదే చెబుతారు. దాని వెనక ఉన్న ఆ ఖాళీ నెలల గురించి చెప్పేవారు తక్కువ. సంఖ్య కంటే హృదయం ముఖ్యమని ఒక సంస్థ నెలల తరబడి తన పుస్తకాన్ని ఖాళీగా ఉంచుకోవడం నా దృష్టిలో ఆ 2,222 కంటే పెద్ద సంగతి.

తెలుగు నేల మీద పుట్టిన సంఘాలకు కూడా ఈ మార్గం తెలియనిది కాదు. 1938లో బైబిలు మిషనును స్థాపించిన ముంగమూరి దేవదాసు గారు దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడాన్ని, అంటే ఆయన కోసం నిశ్శబ్దంగా ఎదురుచూడడాన్ని, విశ్వాసులకు అలవాటుగా నేర్పారు. ఈ రోజు మన ఆరాధనలలో కీబోర్డు ఆగిన మరుక్షణం మైకు అందుకోకపోతే ఏదో పొరపాటు జరిగినట్లు సంఘమంతా వెనక్కి తిరిగి సౌండ్ అబ్బాయి వైపు చూస్తుంది.

ఇన్ని మాటలు రాస్తూ నేను వంటశాలను కించపరుస్తున్నానని ఎవరైనా అనుకొంటే, మా గుడి వెనక రేకుల షెడ్డు సంగతి చెప్పాలి. ప్రేమ విందు రోజున అక్కడ వండే స్త్రీలకు వాక్యం వినబడడం లేదని, వంటను బయట మనుషులకు అప్పగించి వీరిని లోపల కూర్చోబెడదామని కమిటీలో అనుకొన్నాం. అందరూ సంతోషించారు, ఒక్క పెద్దావిడ తప్ప. కట్టె పొగకు కళ్లు తుడుచుకొంటూ, అన్నం అండాలో తెడ్డు తిప్పుతూ ఆవిడ అన్న మాట ఇది: "లోపల కూకుంటే ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో అన్నీ కనబడతాయి బాబూ. ఇక్కడైతే నేనూ ఆయనే." పొయ్యి వెలిగించే ముందు ఆవిడ ఎసరు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తుంది, బియ్యం చాలకపోయినా, ఎవరైనా సాయానికి రాకపోయినా ఆవిడ నోట ఫిర్యాదు నేను వినలేదు. మేము చేసిందల్లా షెడ్డు దాకా ఒక వైరు లాగి చిన్న స్పీకరు పెట్టడమే. యోహాను పన్నెండో అధ్యాయంలో బేతనియలో మరో విందు జరుగుతుంది, అక్కడ కూడా మార్త ఉపచారమే చేస్తూ ఉంది, మరియ ఈసారి కూడా ప్రభువు పాదాల దగ్గరే ఉండి, వాటికి అత్తరు పూసింది. అక్కడ చిరాకు పడింది శిష్యుడైన ఇస్కరియోతు యూదా మాత్రమే, అది కూడా అత్తరు ఖరీదు లెక్కకట్టి.

ఈ ఏడాది డిసెంబరు కార్యక్రమాల కోసం కూర్చున్నప్పుడు నేను ఒక ప్రతిపాదన పెట్టాను. సంఘమంతటికీ కలిపి ఒకే సెమీ క్రిస్మస్ జరపాలని, మిగిలిన సాయంత్రాలలో గుడి తలుపులు తెరిచి ఉంచి, ప్రసంగం, మైకు, వీడియో ఏవీ లేకుండా, వచ్చినవారు మోకరించి ప్రార్థించుకొని వెళ్లే వీలు కల్పించాలని కోరాను. క్యారల్స్ తీసివేయలేదు, పదింటికల్లా ముగించాలని మాత్రమే అడిగాను. మైకు లేకపోతే జనం రారని ఒక పెద్దాయన అన్నారు, ఆయన అనుభవం ముందు నేను వాదించలేదు. యవనస్తులు తమ సెమీ క్రిస్మస్‌ను వదులుకోవడానికి ఇంకా ఒప్పుకోలేదు. పాస్టరు గారు మాత్రం, పదిమందే వచ్చినా ఆ పదిమందిలో మొదటివాడిని నేనే అన్నారు. తీర్మానం పుస్తకంలో రాశాను, కొన్ని సంతకాలు ఇంకా పడవలసి ఉన్నాయి.