బిస్కెట్ కవరు కోసం పడవ వెనక్కి తిప్పిన రోజు

తెరచాప పడవలో అట్లాంటిక్ దాటుతున్నాం. బెర్ముడా దీవి వదిలి నాలుగో రోజు మధ్యాహ్నం. డెక్ మీద కాపలా వంతు నాదే. గాలి వెనక పక్క నుంచి హాయిగా తోస్తోంది, పడవ గంటకు ఆరు నాటికల్ మైళ్ల వేగంతో పోతోంది, నేను ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని ఇంకో చేత్తో బిస్కెట్ ప్యాకెట్ విప్పుకుంటున్నాను. ఆఖరి బిస్కెట్ తీశానో లేదో కవరు చేతిలోంచి ఎగిరి నీళ్లలో పడింది. అయ్యో అనుకుని ఊరుకునేవాణ్నేమో. చుక్కాని దగ్గరున్న స్కిప్పర్, అంటే మా పడవ కెప్టెన్, చూసేసింది. "వేలు చూపించు, కళ్లు తిప్పకు!" అని ఒక్క కేక పెట్టింది.

మనిషి నీళ్లలో పడితే ఏం చేస్తారో అచ్చం అదే మొదలుపెట్టారు. కింద నిద్రపోతున్న ఇద్దరూ పైకి పరిగెత్తుకొచ్చారు, ముందు తెరచాప చుట్టేశారు, నీళ్లలో తాళ్లేమీ వేలాడటం లేదని చూసుకుని ఇంజిన్ వేశారు, పడవ తిరిగింది. నా పని ఒక్కటే, చెయ్యి చాచి ఆ కవరు వైపు చూపిస్తూ ఉండటం. గంటకు ఆరు నాటికల్ మైళ్లంటే నిమిషానికి 185 మీటర్లు. పడవ తిరిగేలోపే ఆ ఎర్ర కవరు ఒక అలకు కనిపించి మూడు అలలకు మాయమవుతోంది. భుజం లాగేస్తోంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, రెప్ప వేయడానికి కూడా భయం. మొదటిసారి పక్కనుంచి దాటిపోయాం. రెండోసారి పొడుగు కర్రకున్న చేపల బుట్టతో దాన్ని పైకి తీశారు. మొత్తం ఇరవై నిమిషాలు.

ఆవిడ తిట్టలేదు. అరవై దాటిన మనిషి, ఏళ్ల తరబడి సముద్రం మీదే ఉంది. "అల వెనక మనిషి తల కూడా ఇంతే కనిపిస్తుంది. రేపు పడేది నువ్వే కావచ్చు, అందుకే కవరు పడ్డా తిప్పుతాను, అందరికీ అలవాటవుతుంది" అని ఆ తడి కవరు నా చేతికిచ్చింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. నేల మీద ఉన్నప్పుడు నా చేతిలోంచి ఇలాంటివి ఎన్ని ఎగిరిపోయాయో, నేను ఎన్నిసార్లు తల తిప్పి కూడా చూడలేదో అని ఒకటే ఆలోచన.

బెర్ముడా నుంచి పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవులకు దాదాపు 1,800 నాటికల్ మైళ్లు, మాకు 17 రోజులు పట్టింది. అందులో చాలా రోజులు ఇప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. గుర్తున్నదల్లా చెత్త గురించే, వినడానికి వింతగా ఉంటుంది కానీ అంతే. ఐదుగురం, 13 మీటర్ల పడవ, చెత్త బండి రాదు. తాగిన ప్రతి సీసా, చింపిన ప్రతి కవరు మనతోనే ప్రయాణం చేస్తుంది, వాసనతో సహా. అందుకే ఆవిడ బయలుదేరే ముందు రోజంతా మమ్మల్ని రేవు గట్టు మీదే కూర్చోబెట్టి సామాన్ల కవర్లన్నీ విప్పించింది. పప్పులు, పిండి, పాస్తా అన్నీ మూతల డబ్బాల్లోకి మారాయి. బిస్కెట్లు మాత్రం మెత్తబడతాయని నేనే బతిమాలి కవర్లతో ఉంచాను. మంచినీళ్లకు సీసాలు కొననివ్వలేదు, ట్యాంకూ పెద్ద క్యాన్లూ నింపుకున్నాం. అరటిపళ్ల మీద ఉండే చిన్న స్టిక్కర్లను కూడా ఒక్కొక్కటీ పీకించింది, తొక్కతో పాటు అవీ నీళ్లలోకి పోతాయని. టీ బ్యాగులు వద్దంది, చాలావాటిని అతికించడానికి ప్లాస్టిక్ వాడతారట. అప్పుడు నాకు విసుగేసిన మాట నిజం. నడుము నొప్పి, ఎండ, ఇదేం చాదస్తం అనుకున్నాను.

వంట గది పక్కన, ఏ చెత్తను సముద్రంలో వేయొచ్చో ఏది వేయకూడదో చెప్పే ప్లకార్డు ఒకటి ఉంది. 12 మీటర్లు, ఆపైన ఉన్న పడవల్లో అది ఉండాల్సిందే. ఓడల వల్ల సముద్రం పాడవకుండా దేశాలు చేసుకున్న మార్‌పోల్ ఒప్పందంలో చెత్తకు సంబంధించిన ఐదో అనుబంధం 1988 డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉంది. మామూలు సముద్రాల్లో తీరానికి 12 నాటికల్ మైళ్లు దాటాక తిండి వ్యర్థాలు వేయొచ్చు, ప్లాస్టిక్ మాత్రం ఎంత దూరంలోనైనా సరే వేయకూడదు. తాడు ముక్క, చేపల గాలం దారం, అన్నీ అందులోకే వస్తాయి. పెద్ద ఓడకైనా మాలాంటి పడవకైనా ఒకటే రూలు. కానీ నడి సముద్రంలో చూసేవాళ్లెవరు? రూలు పాటించాలా వద్దా అనేది రాత్రి రెండింటికి డెక్ మీద ఒంటరిగా ఉన్నవాడి చేతిలోనే ఉంటుంది. మేం ప్లాస్టిక్‌ను సముద్రపు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, కత్తెరతో ముక్కలు చేసి ఒక ఖాళీ సీసాలోకి కర్రతో కూరేవాళ్లం. పది రోజుల కవర్లు ఒక్క సీసాలో పట్టాయి. వాసన లేదు, ఎగిరే భయం లేదు. తాడు కోసినా, టేపు చింపినా ముక్కలు జేబులోకే వెళ్లాలి.

ఆరో రోజు గాలి తగ్గింది. చుట్టూ పసుపు రంగు సర్గాసం నాచు చాపల్లా తేలుతోంది. అట్లాంటిక్‌లోనే ఉన్న తీరమే లేని సముద్రం సర్గాసో, నాలుగు వైపులా ప్రవాహాలే దానికి గట్లు. ఆ ప్రవాహాలు గుండ్రంగా తిరుగుతూ తేలేవాటన్నిటినీ మధ్యకు తోస్తాయి, నాచునైనా ప్లాస్టిక్‌నైనా. ఆవిడ దగ్గర సన్నటి కన్నుల వల ఉంది, సాక్సులా పొడుగ్గా. అరగంట పడవ వెనక లాగి, లోపలున్నది తెల్లటి పళ్లెంలో కుమ్మరించాం. ముందు నాకేమీ కనిపించలేదు, నాచు ముక్కలు, అంతే. తల దించి చూస్తే చిన్న రొయ్య పిల్ల ఒకటి కదులుతోంది, దాని పక్కనే అంతే సైజులో నీలం రంగు పీలిక. దాన్ని పట్టకారుతో తీశాను. తర్వాత గాలం దారం ముక్క, పల్చటి పొర, పెసరగింజంత ఒక తెల్ల గుళిక. ఫ్యాక్టరీల్లో వస్తువులు పోత పోయడానికి వాడే ముడి ప్లాస్టిక్ అలాంటి గుళికలుగానే వస్తుంది. అంటే అది ఒక సీసాగానో బకెట్టుగానో కాకముందే, ఎవరికీ ఒక్కసారి కూడా ఉపయోగపడకుండానే ఇక్కడికి చేరింది. మొత్తం 23 ముక్కలు లెక్కపెట్టాం. ఆ రొయ్యకు ఏది తిండో ఏది కాదో ఎవరు చెప్తారు?

ఈ సంగతి కొత్తదేమీ కాదు, నాకు బాధ అదే. ఈ సర్గాసో నీళ్లలోనే ప్లాస్టిక్ ముక్కలు తేలుతున్నాయని 1972లోనే సైన్స్ పత్రికలో వచ్చింది. పసిఫిక్‌లో చార్లెస్ మూర్ అనే నావికుడు 1997లో ఒక పడవ పందెం ముగించుకుని హవాయి నుంచి ఇంటికి వెళ్తూ రోజుల తరబడి చెత్త మధ్య నుంచి పడవ నడిపి, ఆ సంగతి లోకానికి చెప్పాడు. అట్లాంటిక్‌లో శిక్షణ పడవల మీది విద్యార్థులు 1986 నుంచి 2008 వరకు 6,100 సార్లకు పైగా మాలాగే వల లాగి, దొరికిన ముక్కలను చేత్తో ఏరి లెక్కపెట్టారు. శాస్త్రవేత్తలకు ఆ లెక్క ఎంతో పనికొచ్చింది. పడవ ఎలాగూ పోతోంది, ఒక వల లాగడానికి ఎంత శ్రమ?

పదకొండో రోజు గాలి పూర్తిగా పడిపోయింది, ఇంజిన్ మీద వెళ్తున్నాం. దబ్బుమని చప్పుడు, పడవంతా వణికి ఇంజిన్ ఆగిపోయింది. ప్రొపెల్లర్‌కు ఏదో చుట్టుకుంది. మాలో ఈత బాగా వచ్చినవాడు నడుముకు తాడు కట్టుకుని, రంపం లాంటి పళ్లున్న కత్తి పట్టుకుని దిగాడు. కింద కిలోమీటర్ల లోతు. పైకి వచ్చి ఊపిరి తీసుకోవడం, మళ్లీ మునగడం, నలభై నిమిషాలు అదే పని, మాకు పైన ఒకటే టెన్షన్. తెగి వచ్చింది ఆకుపచ్చ చేపల వల. దాన్ని వదిలేద్దామని ఒకరన్నారు, అలసిపోయి ఉన్నాం కదా. స్కిప్పర్ ఒప్పుకోలేదు. తెరచాప ఎత్తే తాడుకు కట్టి, తాడు చుట్టే యంత్రం, వించ్, తిప్పుతూ పైకి లాగాం, నీళ్లోడుతూ ముప్పై నలభై కిలోలుంటుంది. దాని నిండా గుత్తులు గుత్తులుగా గుల్లలు, రెండు పీతలు. పీతలను నాచు మీదకు వదిలాం. వల కన్నొకదాంట్లో తల ఇరుక్కుని చచ్చిపోయిన చేప ఉంది, ఎవరూ పట్టని చేప, ఎవరూ తినని చేప. వేసినవాళ్లు ఎప్పుడో మర్చిపోయినా వల పట్టడం మానదు. ఎత్తలేనంత పెద్దదైతే ఎక్కడుందో రాసుకుని రేడియోలో దగ్గరి ఓడలకైనా చెప్పాలంది ఆవిడ. పసిఫిక్ చెత్త ప్రాంతంలో బరువు ప్రకారం 46 శాతం వలలేనని 2018లో ఒక పరిశోధన తేల్చింది.

అయినా సముద్రంలోకి వచ్చే ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగం నేల మీద నుంచే. 2010 ఒక్క ఏడాదిలో తీర దేశాల నుంచి 48 లక్షల నుంచి 1 కోటి 27 లక్షల టన్నుల దాకా కలిసిందని ఒక అంచనా. ఈ ప్రయాణానికి ముందు ఆగిన ఒక రేవులో చెత్త డబ్బాలకు మూతలే లేవు, నిండి పొర్లుతున్నాయి, మేం జాగ్రత్తగా మూట కట్టి మోసుకెళ్లిన చెత్తలోంచే కవర్లు లేచి మళ్లీ నీళ్లలోకి పోవడం కళ్లారా చూశాం. అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. సముద్రం దాకా రాని మనిషి కూడా కాలువలో పడిన కవరును తీస్తే అది ఇక్కడ ఆరో రోజు నా పళ్లెంలోకి రాదు.

అజోర్స్ చేరాక వలను మామూలు డబ్బాలో వేయొద్దన్నారు, చేపల సామాగ్రి పడేసే చోటు చూపించారు, నలుగురం మోసుకెళ్లాం. తిరిగి వస్తుంటే మా పక్క పడవ బయలుదేరడానికి సిద్ధమవుతోంది, కుర్రాళ్లు ముగ్గురు, డెక్ మీద కవర్లతో గుట్టగా సామాన్లు. కాసేపు నిలబడి చూశాను. తర్వాత వెళ్లి, మీకు అభ్యంతరం లేకపోతే నేనూ విప్పుతానని అడిగాను. గట్టు మీద కూర్చుని రెండు గంటలు విప్పాం, బిస్కెట్లతో సహా. రెండు సంచులు నిండాయి. వాటి మూతి బిగించి డబ్బాలో వేసి, మూత నొక్కి, గాలి ఉందని దాని మీద ఒక రాయి కూడా పెట్టి వచ్చాను.