స్టేజ్ కోసం బేస్ గిటార్ కొంటున్నారా?

షాపులో చిన్న ఆంప్‌కి పెట్టి విని బేస్ కొనేస్తారు చాలామంది. స్టేజ్ మీద కథ వేరు. జాజ్ బేస్ అనే మోడల్‌లో రెండు పికప్‌ల (తీగల కదలికని పట్టే అయస్కాంత భాగాలు) వాల్యూమ్ సమానంగా ఉన్నంతసేపే హమ్ (కరెంటు మోత) ఉండదు. ఒకటి తగ్గించారా, లైట్ల డిమ్మర్ల పక్కన జుయ్యిమంటుంది. రిసెప్షన్లు, గ్రౌండ్ షోలే ఎక్కువైతే ప్రెసిషన్ బేస్ తరహా స్ప్లిట్ పికప్ (రెండు ముక్కలు కలిసి హమ్‌ని రద్దు చేసేది) నయం, నా ఓటు దానికే.

ఐదు తీగలదైతే బి స్ట్రింగ్ చూసుకోండి. దాని శ్రుతి 31 హెర్ట్జ్ దగ్గర. 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) మీద సన్నది వేస్తే వదులుగా ఊగి ఫ్రెట్లకి (నెక్ మీది లోహపు పట్టీలకి) కొట్టుకుంటుంది. 130 గేజ్ (మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేయండి, మిగతావి 45, 65, 85, 105. గేజ్ మార్చాక నెక్ వంపు, ఇంటోనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగ్గా పలకడం) మళ్లీ సరిచూడాల్సిందే.

నికెల్ రౌండ్‌వౌండ్ తీగ (పైన గుండ్రటి తీగ చుట్టినది) దాదాపు అన్ని పాటలకీ సరిపోతుంది. స్టీల్‌ది పదునెక్కువ, ఫ్రెట్లని త్వరగా అరగదీస్తుంది. విశాఖ ఉక్కపోతలో ఏదైనా త్వరగానే మొద్దుబారుతుంది, వాయించాక తీగల కింది వైపు కూడా తుడవండి.

షో రోజు కొత్తవి ఎక్కించొద్దు, సాగి శ్రుతి జారుతుంది. కత్తిరించే ముందు తీగని మెషిన్ హెడ్ (శ్రుతి బిగించే మర) దగ్గర మడవండి. మడవకపోతే పై చుట్టు కోర్ (లోపలి తీగ) మీద జారి ఆ తీగ చచ్చినట్టు మోగుతుంది.

యాక్టివ్ బేస్‌కి (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నదానికి) జాక్ గుచ్చి వదిలేస్తే 9 వోల్టుల బ్యాటరీ కరిగిపోతూనే ఉంటుంది. సౌండ్‌చెక్ అవగానే, ఛానల్ మ్యూట్ చేయించి, జాక్ పీకేయండి.