తొమ్మిదో మాట దాకా వెళ్లి వెనక్కి వచ్చాను

సంక్రాంతికి వారం ముందు సంగతి. క్రిప్టో ఎక్స్‌ఛేంజ్ యాప్ నుంచి నా సొంత క్రిప్టో వాలెట్‌కి 400 యూఎస్‌డీటీ (ఒక్కోటి దాదాపు ఒక డాలర్ విలువుండే క్రిప్టో) పంపుకున్నాను. మామూలుగా పది నిమిషాల్లో వచ్చేవి, రెండు రోజులైనా ‘ప్రాసెసింగ్’ దగ్గరే ఆగిపోయాయి. యాప్‌లో టికెట్ పెడితే ‘మీ ఫిర్యాదు అందింది’ అని ఒక మెయిల్ వచ్చింది, అంతే. గ్యాస్ బుక్ అవ్వకపోయినా, రీఛార్జ్ పడకపోయినా ఏం చేస్తానో ఇప్పుడూ అదే చేశాను. కంపెనీ పేరు పక్కన ‘కస్టమర్ కేర్ నంబర్’ అని కొట్టి నెట్‌లో వెతికాను. దొరికింది. మామూలు 10 అంకెల మొబైల్ నంబర్. ఆ ఎక్స్‌ఛేంజ్‌కి అసలు ఫోన్ సపోర్టే లేదని తర్వాత తెలిసింది.

అంటే వాళ్లు నన్ను వెతుక్కుంటూ రాలేదు, నేనే వెళ్లి తలుపు తట్టాను. తెలియని నంబర్ నుంచి ఫోనొస్తే ఎత్తను కాబట్టి నన్నెవరూ మోసం చేయలేరని అప్పటిదాకా నాకు మహా ధీమా.

మొదట ఒకమ్మాయి హిందీలో మాట్లాడి, ‘తెలుగు ఎగ్జిక్యూటివ్’కి కలిపింది. అతను మాటకో ‘సార్’ అంటూ ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు. మీదే ఊరండీ అంటే రాజమండ్రి అన్నాడు. మా అమ్మ పుట్టిల్లు ఆ పక్కనే. ఇంకేముంది, నా పేరు, టికెట్ నంబర్, ఎంత ఆగిపోయింది, వాలెట్‌లో ఇంకెంత ఉంది, అన్నీ నేనే వరసగా చెప్పేశాను. అతను అడిగింది చాలా తక్కువ.

“మీ వాలెట్ నెట్‌వర్క్‌తో సింక్ అవ్వలేదు సార్. లింక్ పంపిస్తాను, సీడ్ ఫ్రేజ్ అందులో కొట్టి వెరిఫై చేసుకోండి. ఆ మాటలు నాకు మాత్రం చెప్పకండి సార్, మీ సేఫ్టీ కోసం.”

ఆ చివరి ముక్కకే పడిపోయాను.

సీడ్ ఫ్రేజ్ అంటే వాలెట్ పెట్టుకున్నప్పుడు ఇచ్చే 12 ఇంగ్లీషు మాటలు, అవే దాని తాళంచెవి. పేజీ తెరిస్తే 12 గళ్లు. బీరువాలోంచి డైరీ తీసి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, లాప్‌టాప్‌లో కొట్టడం మొదలుపెట్టాను. పాస్‌వర్డ్ కొడితే పడ్డట్టు చుక్కలు పడుతున్నాయి. తొమ్మిదో మాట అయ్యాక అతనన్నాడు: “సార్, ఆరో మాట స్పెల్లింగ్ ఒకసారి చూసుకోండి.”

చెరిపి మళ్లీ జాగ్రత్తగా కొట్టాను. “ఇప్పుడు ఓకే సార్” అన్నాడు. పదో గడిలోకి వెళ్లాక వెలిగింది. నాకే చుక్కలు కనిపిస్తుంటే, స్పెల్లింగ్ తప్పని ఇతనికెలా తెలిసింది?

ఫోన్ పెట్టేసి మా బావమరిదికి చేశాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇవన్నీ వాడికి తెలుసు. మూడు మాటలు ఇవ్వలేదు కదా, సబ్మిట్ కూడా నొక్కలేదు కదా అన్నాను.

“నొక్కక్కర్లేదు బావా. నువ్వు కొట్టిన ప్రతి అక్షరం అప్పుడే అటు వెళ్లిపోయింది.”

మిగతా మూడింటి సంగతీ వాడే లెక్క కట్టాడు. ఈ మాటలు వచ్చే జాబితాలో ఉన్నవి మొత్తం 2,048. మూడు మాటలకి దాదాపు 859 కోట్ల కూర్పులు. చివరి మాటలో సరిచూసుకునే లెక్క ఒకటి ఇమిడి ఉంటుంది కాబట్టి అందులో చెల్లేవి 16లో ఒక వంతే, అంటే 54 కోట్ల లోపు. మనిషికి అది జన్మలో తెమిలే పని కాదు. మంచి గ్రాఫిక్స్ కార్డులు ఉన్నవాడికి ఒక్క రాత్రి చాలు.

అప్పుడు రాత్రి పదీ నలభై. వాలెట్‌లో 1,340 యూఎస్‌డీటీ, లక్ష రూపాయల పైమాటే. మా ఆవిడ ఫోన్‌లో కొత్త వాలెట్ పెట్టి, కొత్త 12 మాటలు కాగితం మీద రాసుకున్నాను. పంపబోతే పోదు. నా యూఎస్‌డీటీ ఉన్నది ట్రాన్ అనే క్రిప్టో నెట్‌వర్క్ మీద. అక్కడ అవి కదలాలంటే ఛార్జీ టీఆర్‌ఎక్స్‌లో, అంటే ఆ నెట్‌వర్క్ సొంత క్రిప్టోలో కట్టాలి, నా దగ్గర అది సున్నా. పైగా ఎప్పుడూ యూఎస్‌డీటీ పడని అడ్రస్‌కి పంపితే ఛార్జీ రెట్టింపట. బావమరిది తన వాలెట్ నుంచి 30 టీఆర్‌ఎక్స్ వేశాడు. మొత్తం ఒకే దెబ్బకి పంపేశాను. ఖాయమవడానికి నిమిషం పట్టింది. ఆ నిమిషం గురించి చెప్పడం నా వల్ల కాదు.

ఊపిరి పీల్చుకుంటుంటే మా ఆవిడ అడిగింది, “మరి ఆ 400 ఎక్కడికి వస్తాయి?”

పాత వాలెట్‌కే! రెండు రోజులుగా రావాలి రావాలి అని చూసినవి ఇప్పుడు రాకూడదు. యాప్‌లో క్యాన్సిల్ బటన్ లేదు. అదే టికెట్ కింద ‘దయచేసి ఆపేయండి, ఆ వాలెట్ ఇప్పుడు నా చేతిలో లేదు’ అని మూడుసార్లు రాశాను. తెల్లారి చూస్తే పాత వాలెట్‌లో ఛార్జీ పోను మిగిలిన పదహారు టీఆర్‌ఎక్స్ మాయం. ఎవరో రాత్రంతా కూర్చుని తాళం తీశారన్నమాట.

ఆ ఉదయమే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆ నంబర్, లింక్, పదహారు టీఆర్‌ఎక్స్ వెళ్లిన అడ్రస్ పెట్టాను. బ్యాంకు డబ్బు పోతే 1930కి వెంటనే చేస్తే అవతలి ఖాతాలో ఆపించే అవకాశం ఉంటుంది. క్రిప్టోని వెనక్కి తిప్పే బ్యాంకు ఏదీ లేదు. ఇంకోటి, నావన్నీ నేనే చెప్పుకున్నాను గానీ, అన్ని వివరాలూ ముందే తెలిసి ఫోన్ చేసేవాళ్లూ ఉంటారట. అమెరికా క్రిప్టో ఎక్స్‌ఛేంజ్ కాయిన్‌బేస్ కస్టమర్ల పేర్లు, అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు బయటికి పోయాయని, విదేశాల్లోని సపోర్ట్ సిబ్బందిలో కొందరికి లంచమిచ్చి లాగారని 2025 మేలో ఆ కంపెనీయే చెప్పింది. దొంగలు 2 కోట్ల డాలర్లు అడిగితే ఇవ్వలేదు. ఆ డిసెంబర్లో సపోర్ట్‌లో పనిచేసిన ఒక మాజీ ఉద్యోగిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారని కంపెనీ సీఈఓ ప్రకటించాడు.

రాజమండ్రి అతను మర్నాడు రెండుసార్లు చేశాడు, ఎత్తలేదు. నాలుగో రోజు అసలు సపోర్ట్ నుంచి టికెట్‌లోనే జవాబొచ్చింది. ఆ వాలెట్ నాదేనన్న డిక్లరేషన్ ఇవ్వలేదట, అందుకే ఆగిందట. 2023 మార్చి నుంచి ఎక్స్‌ఛేంజ్‌లు మనీ లాండరింగ్ చట్టం కిందికి వచ్చాయి కాబట్టి ఇవన్నీ అడుగుతారు. ఆ మాటేదో మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేది. నేను అడిగినట్టే క్యాన్సిల్ చేసి, 400 తిరిగి వేశారు.

డిక్లరేషన్ నింపి, కొత్త అడ్రస్ ఇచ్చి, ముందుగా 10 పంపాను. తొమ్మిది నిమిషాల్లో వచ్చాయి. మిగతా 390 ఇంకా యాప్‌లోనే ఉన్నాయి.