జీపీఎస్ గడియారం: యాంటెన్నా డాబా మీద ఏ మూల ఉండాలి?

కంప్యూటర్ గడియారాన్ని జీపీఎస్‌తో సరిగ్గా నడపాలనుకునేవారు ముందుగా ఖరీదైన రిసీవర్ కోసం వెతుకుతుంటారు. దానికన్నా ముందు తేల్చుకోవలసింది యాంటెన్నాకు ఎంత ఆకాశం కనిపిస్తున్నదనే విషయమని నా అభిప్రాయం. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులోని జీపీఎస్ ఉపగ్రహాల నుండి 1575.42 మెగాహెర్ట్జ్ మీద వచ్చే, సమయాన్ని తెలిపే సంకేతం నేలను చేరేసరికి చుట్టూ ఉండే రేడియో రొద కన్నా బలహీనపడుతుంది. స్లాబు కింద, కిటికీ పక్కన పెట్టిన యాంటెన్నాకు అందులో మిగిలేది చాలా తక్కువ.

డాబా మీద ఏ మూల అన్నది మన ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. జీపీఎస్ కక్ష్యలు భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో ఉంటాయి కనుక ఆ ఉపగ్రహాలు 55 డిగ్రీల అక్షాంశాన్ని దాటి ఉత్తరానికి వెళ్లవు. 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న వరంగల్ నుండి చూస్తే నేరుగా ఉత్తర దిక్కున, దిగంతం నుండి సుమారు 40 డిగ్రీల ఎత్తు వరకు, జీపీఎస్ ఉపగ్రహమేదీ కనిపించదు. కాబట్టి నీళ్ల ట్యాంకు, మెట్ల గది యాంటెన్నాకు ఉత్తరాన ఉంటే పోయేది తక్కువ, దక్షిణాన ఉంటే నష్టం ఎక్కువ. అయితే ఉత్తరపు గోడైనా, రేకుల షెడ్డైనా దక్షిణం నుండి వచ్చే సంకేతాన్ని తిప్పికొడుతుంది. అలా చుట్టు తిరిగి వచ్చిన సంకేతం ప్రతి 30 సెంటీమీటర్ల అదనపు దూరానికి ఒక నానోసెకను (సెకనులో వంద కోట్లవ వంతు) ఆలస్యమవుతుంది. అందుకే హనుమకొండలోని మా ఇంటి మీద యాంటెన్నాను గోడకు ఆనించకుండా, పిట్టగోడ కన్నా ఎత్తుగా పైపు మీద బిగించాను. చదరపు ప్యాచ్ యాంటెన్నా (పలకలా చదునుగా ఉండేది) అయితే కింద జానెడు ఇనుప పళ్లెం ఉంచడం మంచిది. కింది నుండి వచ్చే ప్రతిఫలనాలను అది చాలావరకు అడ్డుకుంటుంది.

కేబుల్ టీవీకి వాడే ఆర్‌జీ-6 తీగ ఈ పనికి చక్కగా సరిపోతుంది. దానిలో సంకేతం మీటరుకు దాదాపు 4 నానోసెకన్లు ఆలస్యమవుతుంది, కానీ కంప్యూటర్ గడియారం మైక్రోసెకన్ల (ఒక్కోటి వెయ్యి నానోసెకన్లు) లెక్కలో నడుస్తుంది కనుక ఇంటి అవసరానికి దాన్ని పట్టించుకోనక్కరలేదు. మా వీధిలో కోతులు వేలాడే తీగను వదలవు, అందుకే మొత్తం తీగను పీవీసీ గొట్టంలో నడిపించడం తప్పనిసరి. వానాకాలానికి ముందే కనెక్టర్లకు రబ్బరు టేపు చుట్టి, పిడుగుల నుండి రక్షణకు సర్జ్ అరెస్టర్‌ను ఎర్తింగ్‌కు కలపాలి.

ఇంత శ్రమపడి తెచ్చిన సంకేతాన్ని యూఎస్‌బీ ద్వారా మాత్రమే చదివితే ఫలితం మిల్లీసెకన్ల దగ్గరే ఆగిపోతుంది. రిసీవర్ నుండి సెకనుకొకసారి వచ్చే పీపీఎస్ పల్సును కంప్యూటర్ సీరియల్ పోర్టుకో, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పిన్నుకో కలిపి, గడియారాన్ని సరిదిద్దే క్రోనీ అనే ప్రోగ్రాముకు అందిస్తేనే మైక్రోసెకన్ల కచ్చితత్వం వస్తుంది. మరొక జాగ్రత్త కూడా అవసరం. జీపీఎస్ కాలం 2017 నుండి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) కన్నా 18 సెకన్లు ముందున్నది. ఈ తేడాను తెలిపే సమాచారం ఉపగ్రహాల నుండి పన్నెండున్నర నిమిషాలకొకసారి వస్తుంది కనుక, అది అందేదాకా కొన్ని రిసీవర్లు తప్పు సెకనును చూపవచ్చు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నడిపే ఎన్‌టీపీ సర్వర్‌ను (ఇంటర్నెట్ ద్వారా సమయం అందించేది) కూడా క్రోనీలో చేర్చుకుంటే ఆ తేడా వెంటనే బయటపడుతుంది.