ఉప్పునీళ్ళ చుక్క పడ్డాక

నిన్న పాప ల్యాబ్ రికార్డు కోసం రియో అనే మొక్క ఆకు అడుగున ఉండే ఊదారంగు పొర ఒలిచి మైక్రోస్కోపు కింద పెట్టాం. ఇటుకలు పేర్చినట్టు కణాలు, నిండా రంగు. పక్కనుంచి ఓ చుక్క ఉప్పునీళ్ళు వదిలాను. కాసేపటికి రంగంతా గోడల్ని వదిలేసి మధ్యకి ముడుచుకుపోయింది. గోడలు మాత్రం ఎక్కడివక్కడే!

"లోపల ఆ అంచేంటి నాన్నా?" అంది. కణత్వచం, అంటే గోడకి లోపల కణాన్ని చుట్టి ఉండే పలచటి పొర, ఉండేది అక్కడే అన్నాను.

మా రోజుల్లో అదొక గీత. బాణం గుర్తు పెట్టి పేరు రాస్తే మార్కు పడేది, అంతే. దాని మందం 7-8 నానోమీటర్లేనట, అంటే మేం చూసింది హద్దునే, పొరని కాదు. రెండు వరసల ఫాస్ఫోలిపిడ్లు (ఒకరకం కొవ్వు అణువులు): తలలు అటూ ఇటూ నీళ్ళవైపు, నీళ్ళంటే గిట్టని తోకలు మధ్యలోకి. వాటిలో తేలుతూ ప్రోటీన్లు. 1972లో సింగర్, నికల్సన్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన నమూనా ఇది.

బయటి ఉప్పునీళ్ళు లాగేస్తే కణంలోంచి నీళ్ళు పోయాయి సరే, రంగెందుకు కారలేదు? పాప అడిగేదాకా నాకూ తట్టలేదు. రంగుండేది రిక్తికలో, అంటే కణం లోపలి నీటి సంచిలో, దాని చుట్టూ కూడా ఇలాంటి పొరే. నీళ్ళని పోనిస్తుంది, రంగుని పోనివ్వదు.

మంచినీళ్ళు వేస్తే కొన్ని కణాలు మళ్ళీ ఉబ్బాయి. అంచున ఉన్నవి లేవలేదు, ఉప్పు ఎక్కువేశానేమో.