బంతిపూల రంగు గాజు

గాజు ఫ్లవర్ వేజును షోకేసులో పెట్టి తాళం వేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. గాజుకు ప్రాణం వెలుతురు. ట్యూబులైటు కింద, దుమ్ము పట్టిన అద్దం వెనక నిలబెడితే ఎంత మంచి పనితనమైనా కళ తప్పుతుంది. అందుకే బరంపురం పెద్ద బజారు వైపున్న మా పాత మేడలో కిటికీ గట్లన్నీ వేజులకే ఇచ్చేశాను. మా అత్తగారు మొదట్లో "పండగకు తీస్తే చాలదా అమ్మా?" అని బెంగపడేవారు. ఇప్పుడు పొద్దున్నే పూలు మార్చేది ఆవిడే.

పాత గాజు అనగానే చాలామంది ఇటలీలోని మురానో దీవి గురించి చెబుతారు. చెప్పుకోదగ్గదే. అగ్నిప్రమాదాల భయంతో 1291లో వెనిస్ పాలకులు గాజు కొలుములను ఆ దీవికి తరలించారు. ఆ విద్య ఇప్పటికీ అక్కడ బతికే ఉంది. ఫ్రాన్సు గాజు కళాకారులు లాలిక్, గాలే పేర్లు వింటే వేలంపాటల ధరలే గుర్తుకొస్తాయి. అవన్నీ గొప్పవే. నా మనసు మాత్రం ఫిరోజాబాద్ మీదే ఉంది. మన ఆడవాళ్ళ చేతి గాజులు వచ్చే ఆ ఊళ్లోనే 1928లో జైన్ గ్లాస్ వర్క్స్ మొదలైంది. కార్నివాల్ గ్లాస్, అంటే పైన రంగులు మారే మెరుపు పొర పట్టించిన గాజు, దానితో వేజులు చేసిన భారతీయ కర్మాగారాల్లో దానిదే పెద్ద పేరు. ఏనుగు తొండం చుట్టుకున్నవి, చేప మెలిక తిరిగినవి, ఒక చెయ్యి వేజును పట్టుకున్నట్టు చేసినవి - ఈ ఆకారాలను అమెరికాలో, ఇంగ్లండులో సేకరించేవాళ్ళు వెతికి వెతికి కొంటుంటే మన ఇళ్ళలో అవి అటకల మీద పడి ఉన్నాయి. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఆ మెరుపు ఎలా వస్తుందో తెలిస్తే వాటి మీద గౌరవం పెరుగుతుంది. అచ్చులోంచి తీసిన గాజు ఇంకా వేడిగా ఉండగానే దాని మీద లోహ లవణాల ద్రావణం చల్లుతారు. అది పలచని పొరలా పట్టుకుంటుంది. ఆ పొర పై నుంచి, కింది నుంచి తిరిగివచ్చే వెలుగు ఒకదానితో ఒకటి కలిసి రంగులు పుడతాయి. మా ఊరి మగ్గాల మీద పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన పట్టుచీరను అటూ ఇటూ తిప్పితే ఛాయ మారుతుందే, అచ్చం అలాగే. అమెరికాలో ఫెంటన్ కంపెనీ 1907లో ఈ గాజు అమ్మకం మొదలుపెట్టింది. టిఫనీ వేజులు కొనలేని సామాన్యుల ఇళ్ళకు ఆ తళుకు దీనివల్లే చేరింది. జాతరల్లో బహుమతులుగా పంచడంతో కార్నివాల్, అంటే జాతర, అనే పేరు నిలిచిపోయింది. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర చేసుకునే ఊరివాళ్ళం, జాతర వస్తువును తక్కువగా చూడడం మనకు తగదు.

చెయ్యి ఆకారంలో ఉన్న నా వేజు పర్లాకిమిడిలో దొరికింది. దూరపు చుట్టం, వరసకు అత్తయ్య, ఇల్లు బాగు చేయించుకుంటూ అటక మీది సామాను దింపిస్తున్నారు. పాత ఇత్తడి బిందెల మధ్య నల్లగా మసిపట్టి కనిపించింది. "అందులో అగరుబత్తులు గుచ్చేవాళ్ళమే. మీ మామయ్య పెళ్ళికి ఎవరో చదివించారు" అన్నారు. వెల అడిగితే "డబ్బు మాట ఎత్తావంటే ఇవ్వను" అని కసిరి, పాత పంచె ముక్కలో చుట్టి చేతిలో పెట్టారు.

ఇలాంటిది చేతికొస్తే ముందు అడుగు చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో జైన్ అని అచ్చు పడి ఉంటే సగం పని అయినట్టే. బంతిపూల రంగుదైతే కింద పొర పట్టని చోట రంగులేని గాజు బయటపడుతుంది, ఎందుకంటే రంగంతా పైపొరదే. తర్వాత కళ్ళు మూసుకుని మూతి అంచు మీద వేలు మెల్లగా తిప్పండి. కంటికి ఆనని పెచ్చు వేలికి తెలుస్తుంది.

అలంకరణలో నేను పట్టుబట్టేది ఒక్కటే. కార్నివాల్ గాజుకు వెలుగు ముందు నుంచి, లేదా పక్క నుంచి పడాలి. వెనక ముదురు రంగు గోడ, టేకు బల్ల ఉంటే మరీ మంచిది. దాన్ని కిటికీలో ఎండకు ఎదురుగా పెడితే పైపొర రంగులు కనిపించక వట్టి గోధుమ రంగు మిగులుతుంది. మురానో వాళ్ళ సొమ్మెర్సో పద్ధతి, అంటే ఒక రంగు గాజు ముద్దను కరిగిన మరో రంగు గాజులో ముంచి పొరలు కట్టడం, అందులో ఇది సరిగ్గా తిరగబడుతుంది. వెలుగు దాని లోంచి దాటి రావాలి. మా తమ్ముడు కోల్‌కతా నుంచి తెచ్చిన అలాంటి నీలం, తేనెరంగు మందపాటి వేజు అందుకే తూర్పు కిటికీలో ఉంటుంది. వానాకాలంలో గంజాం మొగలిపూలు వచ్చినప్పుడు వాటినీ అందులోనే పెడతాను. ఫిరోజాబాద్ వేజు అచ్చులో ఊదిన పలచని గాజు. ఆ ముళ్ళ ఆకుల బరువు మోయలేదు. దానికి నాలుగు చామంతి కాడలు చాలు.

ఇక్కడ మరో భయం తుపాను. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు వేజులన్నీ పాత నేతచీరల్లో చుట్టి ట్రంకు పెట్టెలో పడుకోబెట్టాను. హెచ్చరిక వినగానే ఇప్పటికీ అదే చేస్తాను. నిలబెట్టకూడదు, పడుకోబెట్టాలి.

కడగడానికి గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తని గుడ్డ. ఇత్తడి తోమే పొడి, చింతపండు, పీచు దాని దగ్గరకు రానివ్వకండి. ఒకసారి గీసుకుపోయిన పొర మళ్ళీ రాదు. బోరు నీళ్ళ తెల్లచార లోపల కడితే, లోపలి వరకే వెనిగర్ పోసి రాత్రంతా ఉంచుతాను.

గంజాం, గజపతి, రాయగడ వైపు మీ ఇళ్ళలో చేప వేజు ఎక్కడైనా ఉంటే, పారేసే ముందు నాకు ఒక మాట చెప్పండి. లోపల మరకలున్నా పరవాలేదు, మూతి పగలకుండా ఉంటే చాలు.